మూల మీద పంటిగాట్లు

ఇసోగాయ్ తామోత్సుకు అబద్ధం ఆడటం చేతకాదు. ఇదేదో పొగడ్త అనుకునేరు. దుకాణం పెట్టుకున్న మనిషికి అంతకంటే పెద్ద జబ్బు లేదు. కార్డు కొనడానికి వచ్చినవాడు జేబులోంచి డబ్బు తీయబోతుంటే ఆపి, "ఉండండి, దీని వెనకాల సన్నటి గీత ఉంది, మీరు చూడలేదు" అంటూ భూతద్దం తెచ్చి మరీ చూపిస్తాడు. వచ్చినవాడు ఆలోచనలో పడి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఇతను నా దగ్గరికి వచ్చి, "ఇవాళ కూడా బోణీ కాలేదక్కా" అంటాడు. ముప్పై అయిదేళ్ళుగా ఇదే వరస.

మాది ఒసాకా దక్షిణాన, పైకప్పు వేసిన పాత బజారు వీధి. నాది కాఫీ కొట్టు. గోడకి అవతల ఇసోగాయ్‌ది బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డుల దుకాణం. ఆరు చాపలు పరిస్తే నిండిపోయే గది. మూడు వైపులా అద్దాల బీరువాలు, గల్లాపెట్టె వెనక అతని కుర్చీ, ముందు ఒక స్టూలు. సగం కొట్లు షట్టర్లు దించేసుకున్న ఈ వీధిలో అట్టముక్కలు అమ్మి ఒక మనిషి ఎలా బతికాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అట్టముక్కలు అన్న మాట నాది కాదు, వాళ్ళావిడది. ఆవిడ వృద్ధుల ఆశ్రమంలో వంట చేస్తుంది. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ జీతం మీదే.

దుకాణం పెట్టకముందు అతను అచ్చాఫీసులో కాగితం కోసే మిషను మీద పనిచేసేవాడు. అప్పుడు మా ఊళ్ళో మాకంటూ ఒక జట్టు ఉండేది. ఒక శరత్కాలంలో దాన్ని అమ్మేశారు. ఆటగాళ్ళు మూటలు సర్దుకుని వేరే ఊరు వెళ్ళిపోయారు. మైదానం ఉన్నచోట తర్వాత బట్టల కొట్లు లేచాయి. ఊరంతా నాలుగు రోజులు తిట్టుకుని మరిచిపోయింది. ఇసోగాయ్ మాత్రం ఉద్యోగం మానేశాడు. "వాళ్ళు ఎక్కడికైనా పోనీ అక్కా, మొహాలైనా ఇక్కడ ఉండాలి" అని, దాచుకున్న పాత కార్డులతో ఆ గది అద్దెకి తీసుకున్నాడు. అప్పుడతనికి పాతికేళ్ళు. పిచ్చివాడు అనుకున్నాను. ఇప్పుడు కూడా ఆ అభిప్రాయం పెద్దగా మారలేదు.

అతని దుకాణంలో ఒక ఆచారం ఉంది. గడప దాటి ఎవరు కొత్తగా వచ్చినా లేచి నిలబడి, "మా దుకాణానికి మొదటిసారా?" అని అడుగుతాడు. అవునంటే బిస్కెట్ల రేకు డబ్బా ముందుకు చాపుతాడు. నిండా కార్డులుంటాయి. లోపలికి చూడకుండా చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి, ఉచితం. విలువైనవేమీ కావు, బెంచీ మీద కూర్చుని రిటైరైపోయిన ఆటగాళ్ళవి. అయినా తీసుకున్న ప్రతివాడూ చిన్నపిల్లాడిలా సంబరపడతాడు. వెళ్ళేటప్పుడు, కొన్నా కొనకపోయినా, "మళ్ళీ రండి" అని తల వంచుతాడు. ఆ రెండు మాటలూ గోడ ఇవతల నాకు రోజూ వినిపిస్తూనే ఉంటాయి.

ఇక మూడో మాట పదకొండు గంటలకి. "అక్కా, రెండు!" అని గోడ మీద కొడతాడు. నేను రెండు కాఫీలు పట్టుకెళతాను. ఒకటి అతనికి, ఒకటి నొబోరుకి.

నొబోరు గురించి చెప్పాలంటే ముందు వాడి అన్న షున్‌జీ గురించి చెప్పాలి. కాజితాని షున్‌జీ, ఇసోగాయ్ ఒకే ఏడు పుట్టారు, ఒకే బడి, ఒకే గోలీలు. నొబోరు వాళ్ళకంటే ఆరేళ్ళు చిన్న. తల్లి చేపల బజారుకి పోతే వాణ్ణి గుడ్డతో ఇసోగాయ్ వీపుకి కట్టేసి, షున్‌జీ ముందు పరిగెత్తేవాడు. "సొంత తమ్ముడు నీ వీపు మీద ఉండాలిగానీ వాడి వీపు మీదేంట్రా?" అని మా అమ్మ షున్‌జీని తిడితే, "వాడికి తమ్ముళ్ళు లేరు పిన్నీ, అందుకే ఇచ్చా" అనేవాడు ఆ గడుగ్గాయి. నొబోరుకి మాటలు వచ్చాక ఇసోగాయ్‌ని అన్నా అనే పిలిచాడు. మొన్నటి దాకా అలాగే పిలిచాడు.

వాళ్ళకి తొమ్మిదేళ్ళప్పుడు చిరుతిండి పొట్లాల్లో ఆటగాళ్ళ కార్డులు వచ్చేవి. షున్‌జీకి తొదొరోకి అనే బంతి విసిరే ఎడమచేతి వాటం పిచ్చర్ కార్డు దొరికింది. ఆ పిచ్చర్ మా జట్టుకి ఒక్క ఏడాదే ఆడాడు, భుజం పోయి మానేశాడు. కానీ ఆ ఏడాది వీళ్ళిద్దరికీ ఆయన దేవుడు. సంతకం పెట్టించుకుంటానని షున్‌జీ మైదానం వెనక గోడ ఎక్కాడు. రెండు చేతులూ గోడకి కావాలి కాబట్టి కార్డుని పళ్ళ మధ్య పట్టుకున్నాడు. గోడ మీదకి చేరేసరికి అవతల కాపలావాడు. భయంతో వీడు పళ్ళు బిగించాడు. కింద వీపున నొబోరుని కట్టుకుని ఇసోగాయ్ నిలబడి ఉన్నాడు. సంతకం దొరకలేదుగానీ కార్డు కింది మూలలో షున్‌జీ పళ్ళు దిగాయి. అంతకు వారం ముందే బంతి తగిలి ముందు పన్ను ఒకటి ఊడింది. అందుకని అటొక గాటు, ఇటొక గాటు, మధ్యలో ఖాళీ.

ఇసోగాయ్ దుకాణం తెరిచిన రోజున షున్‌జీ ఆ కార్డు తెచ్చి బీరువాలో పెట్టాడు. "దుకాణం బోసిగా ఉంటే ఎవడు వస్తాడ్రా? ఇది పెట్టు. ఎవరికీ అమ్మొద్దు. నేను చచ్చాక తిరిగిచ్చెయ్" అన్నాడు. ఇసోగాయ్ దానికి గట్టి ప్లాస్టిక్ డబ్బా తొడిగి, ముందు "అమ్మబడదు" అని చీటీ పెట్టాడు. ముప్పై ఏళ్ళకి పైగా అది అక్కడే ఉంది. ఎంతిస్తామన్నా కదల్లేదు.

షున్‌జీ ఊరి స్నానశాలలో నీళ్ళు కాచే కొలిమి దగ్గర పనిచేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊపిరితిత్తులు పాడై, మూడేళ్ళ కిందటి ఫిబ్రవరిలో పోయాడు. కర్త తమ్ముడే. అంతిమ సంస్కారాల మనిషి వచ్చి, పేటికలో పెట్టే వస్తువుల్లో ప్లాస్టిక్, లోహం, గాజు ఉండకూడదని చెప్పాడు. ఇసోగాయ్ దుకాణానికి వచ్చి, అన్నేళ్ళలో మొదటిసారి ఆ కార్డుని డబ్బాలోంచి బయటికి తీశాడు. తెల్లటి కవరులో పెట్టి, దాని మీద "షున్‌జీకి" అని రాశాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. కవరు నొబోరు చేతికిచ్చి, "రేపు మూత వేసేముందు గుండె మీద పెట్టు" అన్నాడు.

"పెడతానన్నా. నా చేత్తోనే పెడతా" అన్నాడు నొబోరు.

పెట్టాడు కూడా. చామంతుల కింద, గుండె మీద ఆ కవరు పెట్టడం మేమందరం చూశాం. దహనశాలలో అస్థికలు ఏరేటప్పుడు, అయినవాళ్ళు ఇద్దరిద్దరు కలిసి పొడుగాటి పుల్లలతో ఒకే ఎముకని పట్టుకుని కుండలో వేయాలి. నొబోరు జతగా ఇసోగాయ్‌నే పిలిచాడు. బూడిద వైపు చూపిస్తూ, "చూడన్నా, కార్డు కూడా అన్నయ్యతోనే పోయింది. ముక్క కూడా మిగల్లేదు" అన్నాడు. ఇసోగాయ్ అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ మర్నాటి నుంచి నొబోరు రోజూ పదకొండింటికి వచ్చి ఆ స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. వీధి చివర వాడికి తాళంచెవులు చేసే కొట్టు ఉంది. "అన్నయ్య పోయాడు, ఇక నాకు నువ్వే అన్నా" అనేవాడు. బీరువాలో ఖాళీ డబ్బా అలాగే ఉంది, ముందు చీటీ కూడా. ఎవరైనా అడిగితే ఇసోగాయ్, "దాని యజమాని పట్టుకెళ్ళాడండి" అనేవాడు.

పోయిన అక్టోబరులో ఒక గురువారం, పొద్దున పదింటికి, తైవాన్ పెద్దాయన ఒకరు నా కొట్టుకి వచ్చారు. నల్ల టోపీ, మెడలో వేలాడే సంచి. చేతిలో కాగితం మీద కార్డుల దుకాణాల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. సగానికి టిక్కులు పెట్టి ఉన్నాయి. జపనీస్ కొంచెం వచ్చు, ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడతారు. "నేను షీ. తైనాన్ ఊరు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఇప్పుడు నేను ప్రయాణికుణ్ణి" అని ఆయనే నవ్వారు. నాకు నచ్చారు. చెయ్యి పట్టుకుని పక్క దుకాణంలోకి తీసుకెళ్ళాను.

ఇసోగాయ్ లేచాడు. "మా దుకాణానికి మొదటిసారా?" డబ్బా వచ్చింది. షీ గారు కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి ఒక కార్డు తీశారు. ఎవడో బంతి పట్టే లావుపాటి క్యాచర్. "అబ్బా, మా బావమరిది లాగే ఉన్నాడు!" అన్నారు. ఇసోగాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అతను అలా నవ్వడం చూసి చాలా రోజులైంది.

షీ గారు బీరువాలన్నీ తిరిగి, ఖాళీ డబ్బా దగ్గర ఆగారు.

"ఇందులో ఏముండేది?"

"తొదొరోకి. ఎడమచేతి పిచ్చర్. దాని యజమాని పట్టుకెళ్ళాడండి."

పెద్దాయన మొహం వెలిగిపోయింది. "తొదొరోకి! నా దగ్గర ఉంది! పోయిన వారం, టోక్యోలో!" అని సంచిలోంచి ఆల్బమ్ తీసి, పేజీలు తిప్పి, ఒక కార్డు తీసి గుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టారు. "చాలా చవక. మూల పాడైంది కదా. ఎలుక కొరికింది."

ఇసోగాయ్ భూతద్దం తీయలేదు. తీయాల్సిన పని లేదు. నేను నిలబడ్డ చోటు నుంచే నాకు కనిపిస్తోంది. అటొక గాటు, ఇటొక గాటు, మధ్యలో ఖాళీ.

"ఎలుక కొరికిందని ఎవరన్నారండీ?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"దుకాణం అబ్బాయి. మూడేళ్ళ కింద, వసంతంలో, ఒకాయన తెచ్చి అమ్మాడంట. మీలాగే ఒసాకా యాస మనిషి. ఎలుక అని ఆయనే చెప్పాడంట."

ఇసోగాయ్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. నొబోరు తప్ప ఇంకెవరూ కూర్చోని స్టూలు. నేను నోరు తెరవబోయాను. అతను నా వైపు ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకున్నాను. ఊరు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి, సంబరంగా తెచ్చి చూపించాడు, ఆయన మొహం మీద ఇదంతా ఎలా కుమ్మరిస్తాం?

"ఒక చిన్న కోరికండీ," అన్నాడు ఇసోగాయ్. "మధ్యాహ్నం దాకా దీన్ని ఇక్కడ ఉంచుతారా? ఆ డబ్బాలో పెట్టి చూసుకోవాలని ఉంది."

"ఓ, తప్పకుండా! నేను పాత మైదానం ఉన్నచోటు చూసి వస్తాను."

"అక్కడేం లేదండీ. బట్టల కొట్లే."

"ఫర్వాలేదు. నేల ఉంటుంది కదా" అంటూ ఆయన వెళ్ళిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగే దాకా ఆగి, నేను మొదలుపెట్టాను. "వాడే! ఖాళీ కవరు పెట్టాడు! అన్న గుండె మీద ఖాళీ కవరు పెట్టి, మనందరి ముందూ..."

"వేరే ఎవరైనా అయ్యుండొచ్చక్కా. అంతిమ సంస్కారాల వాళ్ళలో ఎవరో..."

"ఆ మార్చిలో వాడు హకొనె వేడినీళ్ళ స్నానాలకి వెళ్ళలా? మూడు రోజులుండి వచ్చి మనకి తీపి బన్నులు తెచ్చిపెట్టలా? హకొనె నుంచి టోక్యో ఎంత దూరం?"

 ఆ బన్నులు నేను రెండు తిన్నాను. ఎర్ర చిక్కుడు పూర్ణం పెట్టినవి. బాగున్నాయని ఇంకోటి అడిగాను కూడా. 

"అడిగితే నువ్వు ఇచ్చేవాడివి కాదూ?" అన్నాను. "డబ్బే కావాలంటే నీ గల్లాపెట్టె వాడికెప్పుడు మూసి ఉంది?"

"ఇచ్చేవాణ్ణి." అతను కార్డుని రెండు చేతులతో ఎత్తి డబ్బాలో పెట్టాడు. బీరువాలో దాని చోట నిలబెట్టి, చీటీ సరిచేశాడు. "వాడు రానీ అక్కా. నేను అడగను, నువ్వూ అడక్కు. వాణ్ణే చెప్పనిద్దాం. తప్పయిపోయిందన్నా అని ఒక్క మాటంటే నాకు చాలు. దుడ్డుకర్ర తీసుకుని కొట్టను. ఇంకో కాఫీ తెమ్మంటా, అంతే."

అలాంటి మనిషి. నేనైతే దుడ్డుకర్ర వెతికేదాన్ని.

పదకొండింటికి గోడ మీద చప్పుడైంది. "అక్కా, రెండు!" ఏమీ జరగనట్టే పిలిచాడు. నేను పట్టుకెళ్ళేసరికి నొబోరు స్టూలు మీద కూర్చుని, రాత్రి ఓడిపోయిన ఆట గురించి ఎవరినో తిడుతున్నాడు. ఇంకా బీరువా వైపు చూడలేదు. కాఫీ అందుకోవడానికి తిరిగినప్పుడు చూశాడు.

నేను నలభై ఏళ్ళు కాఫీలు పోసినదాన్ని. ఎవరెన్ని చక్కెర బిళ్ళలు వేసుకుంటారో నాకు పేర్ల కంటే బాగా గుర్తు. నొబోరుకి రెండు. ఆ రోజు నాలుగు వేశాడు, కలపలేదు.

"ఓహో, ఇంకోటి దొరికిందా అన్నా?" అన్నాడు. "మంచిదే. అంతకాలం ఖాళీగా పెట్టావు, చూడ్డానికి బాగుండేది కాదు."

"దొరికింది," అన్నాడు ఇసోగాయ్. "మూల చూశావా?"

నొబోరు లేవలేదు, దగ్గరికి వెళ్ళి చూడలేదు. కూర్చున్నచోటు నుంచే, "ఏదో ఎలుక కొరికినట్టుంది" అన్నాడు.

స్టూలు నుంచి ఆ మూల ఎవరి కళ్ళకీ ఆనదు. ఇసోగాయ్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు వాడి నెత్తిన కాఫీ కుమ్మరించాలనిపించింది. వాడి అన్న పళ్ళు అవి. తొమ్మిదేళ్ళ షున్‌జీ పళ్ళు.

"ఆ ఎలుకకి ముందు పన్ను లేదురా నొబోరూ," అన్నాడు ఇసోగాయ్, చాలా మెల్లగా, చిన్నపిల్లాడికి పాఠం అందిస్తున్నట్టు. "నువ్వప్పుడు నా వీపు మీద ఉన్నావు."

ఇంతకంటే ఎవరు ఎవరికి అవకాశం ఇస్తారు? తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. లోపలికి అడుగుపెడితే చాలు.

నొబోరు కాఫీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు. "నాకెక్కడ గుర్తుంటుందన్నా, మూడేళ్ళవాణ్ణి" అని లేచాడు. "ఇలాంటి కార్డులు బోలెడు ఉంటాయిలే. అన్నయ్యది వేరు. అది ఇంతకంటే శుభ్రంగా ఉండేది." జేబులో తాళాలు తడుముకుంటూ, "సరే, రేపు కలుద్దాం" అని వెళ్ళిపోయాడు.

కప్పు అడుగున చక్కెర బిళ్ళలు సగం కరిగి అలాగే ఉన్నాయి.

ఇసోగాయ్ ఆ కప్పు పక్కకి జరిపాడు. తర్వాత తన కుడిచెయ్యి చూసుకుంటూ అన్నాడు. "ఎముక పట్టుకున్నప్పుడు వాడి చెయ్యి వణికిందక్కా. పుల్లలు టకటకమన్నాయి. అన్న పోయిన దుఃఖం అనుకున్నా. జారిపోతుందేమోనని నేను ఇంకా గట్టిగా పట్టుకున్నా."

అప్పుడు నాకు కోపం పోయి ఏడుపు వచ్చింది. కార్డు పోతే పోయింది. మూడేళ్ళు రోజూ ఆ ఖాళీ డబ్బా ఎదురుగా కూర్చుని, నా కాఫీ తాగుతూ, "కార్డు అన్నయ్య దగ్గర చల్లగా ఉంది" అని ఈ మనిషికి చెప్పాడే, దాన్ని ఎలా మింగడం?

షీ గారు రెండింటికి తిరిగి వచ్చారు. బూట్ల నిండా దుమ్ము. ఒకప్పుడు మైదానంలో ఆటగాడు నిలబడిన చోట గుర్తు పలక ఉందట, దాని మీద కాసేపు నిలబడ్డారట. ఇసోగాయ్ కార్డు తీసి పళ్ళెంలో పెట్టి, తల వంచాడు. "ఈ దుకాణంలో మీకు నచ్చినది ఏదైనా తీసుకోండి. రెండు తీసుకోండి, మూడు తీసుకోండి. దీన్ని నాకు ఇవ్వగలరా?"

పెద్దాయన కార్డు వంక, ఖాళీ డబ్బా వంక, అతని మొహం వంక చూశారు. ముప్పై ఏళ్ళు అద్దంలో ప్రయాణికుల మొహాలు చూసిన మనిషి.

"ఎలుక కాదు," అన్నారు.

"కాదండీ. షున్‌జీ అని, ఒక పిల్లాడు."

"అయితే ఇది నాది కాదు." ఆయన పళ్ళేన్ని ఒక వేలితో ఇసోగాయ్ వైపు జరిపారు. ఎంత బతిమాలినా బీరువా వైపు చూడలేదు. జేబులోంచి లావుపాటి క్యాచర్ని తీసి చూపిస్తూ, "మీరు ముందే ఒకటి ఇచ్చారు కదా" అన్నారు. ఇసోగాయ్ వీధి చివరి దాకా వెంటపడి, ఆయన సంచిలో బలవంతంగా ఏవో నాలుగు మంచి కార్డులు కుక్కి వచ్చాడు. దారినపోయే మనిషి ఆయన. కార్డు ఊరికే ఇచ్చెయ్యాల్సిన అవసరం ఆయనకేంటి?

మర్నాడు దుకాణం తెరవలేదు. నేనూ నా కొట్టు మూశాను. షున్‌జీ అస్థికలు ఉంచిన సమాధి ఉన్న గుడికి వెళ్ళాం. అక్కడి పూజారి ఆకులు కాల్చే రేకు తొట్టెలో నిప్పు రాజేసి ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. ఇసోగాయ్ కార్డుని వేశాడు. దళసరి అట్ట, వెంటనే అంటుకోలేదు. ముందు తొదొరోకి మొహం నల్లబడింది, తర్వాత చెయ్యి. పంటిగాట్ల మూల చివరి దాకా మిగిలి, అదీ ముడుచుకుంది.

"ఆలస్యమైందిరా షున్‌జీ," అన్నాడు. "మూడేళ్ళు."

బూడిద సమాధి ముందు అగరుబత్తులు గుచ్చే ఇసుకలో కలిపాడు.  తిరుగు దారిలో నొబోరుని ఏమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు.

శనివారం పదకొండింటికి గోడ మీద చప్పుడు కాలేదు. అయినా చేతికి అలవాటైపోయిందేమో, రెండు కాఫీలు పోసి పట్టుకెళ్ళాను. నొబోరు అప్పుడే లోపలికి వస్తున్నాడు.

"నిన్నంతా మూసేశావేంటన్నా? ఒంట్లో బాగాలేదా? నేను రెండుసార్లొచ్చి వెళ్ళా."

స్టూలు చోట స్టూలు లేదు. బీరువాలో డబ్బా లేదు, చీటీ లేదు. ఆ చోట అద్దం తుడిచి ఉంది, అంతే. ఇసోగాయ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నొబోరు కోసం అతను ఏనాడూ లేవలేదు. తమ్ముడి కోసం ఎవరు లేస్తారు?

"రండి," అన్నాడు. "మా దుకాణానికి మొదటిసారా?"

నొబోరు నవ్వాడు. "ఏంటన్నా ఈ వేషాలు?"

"మొదటిసారి వచ్చినవాళ్ళకి ఒక కార్డు ఉచితమండీ, కాజితాని గారూ. లోపలికి చూడకుండా తీసుకోవాలి." బిస్కెట్ల డబ్బా రెండు చేతులతో ముందుకు చాపాడు.

వాడి నవ్వు ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేను రెండు కప్పులూ పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత బీరువాలో ఖాళీ చోటు వైపు చూశాడు. చాలాసేపు అక్కడే చూశాడు.

"అన్నా," అన్నాడు. చిన్న గొంతు. "అన్నా, అది..."

డబ్బా కదల్లేదు. వెనక్కి పోలేదు, ఇంకా ముందుకీ రాలేదు. కోపం లేదు ఇసోగాయ్ మొహంలో. కొత్తవాళ్ళ ముందు ఉండే మర్యాద తప్ప ఇంకేమీ లేదు. చివరికి నొబోరు చెయ్యి లోపలికి పెట్టాడు. డబ్బా రేకు టకటకమంది. ఈసారి ఆ చెయ్యి ఎందుకు వణికిందో మా ముగ్గురికీ తెలుసు.

ఎవరిదో కార్డు తీసుకున్నాడు, అదెవరిదో చూసుకోలేదు. గడప దాటాడు. ఆ దుకాణం గడప దాటే ప్రతి మనిషి వెనకా ఇసోగాయ్ "మళ్ళీ రండి" అంటాడు. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. అనలేదు. చెప్పానుగా, అతనికి అబద్ధం ఆడటం చేతకాదు.